గాలికి తిరిగి ఆవిరికి పట్టేసిన ఇంజన్: ఒక 19 ఎంఎం స్టీమ్ ఇంజన్ కేసు

"అన్నా, పంక్చర్ షాపు కంప్రెసర్ పెడితే గంటైనా తిరుగుతోంది, బాయిలర్ తగిలిస్తే 3 నిమిషాలు కూడా నిలవట్లేదు" అని విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. లేత్ మీద పని చేసే కుర్రాడు, పగలంతా షాపులో బుష్‌లు షాఫ్ట్‌లు తిప్పి, రాత్రిళ్ళు ఓనర్ని అడిగి అదే లేత్ మీద 8 నెలలు కూర్చుని తన మొదటి స్టీమ్ ఇంజన్ చేసుకున్నాడు. వీడియో పంపాడు, పని చాలా నీట్‌గా ఉంది, ఫ్లైవీల్ అంచు చూస్తే ఎంత ఓపికతో చేశాడో తెలిసిపోతుంది. ఫోన్లో తేలే విషయం కాదు, ఇంజనూ బాయిలరూ రెండూ పట్టుకుని రా అన్నా, ఆ ఆదివారమే శాతవాహన ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాడు, అక్కణ్ణుంచి మౌలాలిలో మా ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం అయింది.

నేను ఈ చిన్న ఇంజన్ల పని మొదలుపెట్టి 14 ఏళ్ళయింది. ఈ కేసు ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, "గాలికి బాగా తిరుగుతోంది, ఆవిరికి తిరగట్లేదు" అనే మాట ఈ హాబీలో కొత్తగా వచ్చిన ప్రతి రెండో మనిషి దగ్గరా వింటున్నా, కారణాలు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోటి, అందులో ఇతని కారణం కంటికి కనపడేది కాదు, నేను కూడా ఒక పూట పక్కదారిలో వెతికా.

ముందు ఇంజన్ సంగతి. నిలువు ఇంజన్, ఒకే సిలిండర్, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 19 ఎంఎం, స్ట్రోక్ (పిస్టన్ ఈ చివర నుంచి ఆ చివరకి జరిగే దూరం) 19 ఎంఎం, ఫ్లైవీల్ 75. ఈ కొలతలు తెలిసినవాళ్ళకి వెంటనే స్టువర్ట్ 10వీ గుర్తొస్తుంది, ఇంగ్లాండ్ కంపెనీ పోతలుగా (అచ్చులో పోసిన ముడి భాగాలుగా) అమ్మే ముప్పావు అంగుళం బోర్, ముప్పావు అంగుళం స్ట్రోక్ ఇంజన్, చాలామంది దాంతోనే పని నేర్చుకుంటారు. మనవాడు పోతలు కొనలేదు, ఆ వరసలో తనే డ్రాయింగ్ గీసుకుని, ఆటోనగర్లో దొరికిన కాస్ట్ ఐరన్ దిమ్మ నుంచి సిలిండర్ బోర్ చేసుకున్నాడు. ఆవిరి పిస్టన్‌కి పైనుంచీ కిందనుంచీ రెండు వైపులా తోస్తుంది, పక్కన డబ్బాలో స్లైడ్ వాల్వ్ అటూ ఇటూ జరుగుతూ ఎటు ఆవిరి పోవాలో ఎటునుంచి బయటికి రావాలో చూస్తుంది. చిన్నప్పుడు జాతరలో కొన్న రేకు పడవ, కొవ్వొత్తి వెలిగిస్తే టపటపా అంటూ నీళ్ళ పళ్ళెంలో తిరిగేది, అది కూడా ఆవిరి బండే, కానీ దానికి పిస్టన్ లేదు వాల్వ్ లేదు, అందుకే పట్టేయడానికి ఏమీ లేదు. ఇక్కడ నుంచే కష్టం అంతా.

బాయిలర్ రాగిది, 90 ఎంఎం వ్యాసం, 180 పొడవు, గోడ మందం 1.6, కింద చిన్న గ్యాస్ బర్నర్. రెండు పక్కలా చదును మూతలు, మధ్యలో ఈ మూత నుంచి ఆ మూతకి ఒక కడ్డీ వేసి పట్టు ఇచ్చాడు, అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. చదును మూతలు ప్రెషర్‌కి ఉబ్బుతాయి, గుండ్రటి గోడ కంటే ముందు అవే పోతాయి. జాయింట్లన్నీ సిల్వర్ బ్రేజింగ్, అంటే వెండి కలిసిన లోహం కరిగించి అతికించడం. మామూలు సీసం-తగరం సోల్డర్ 183 డిగ్రీల నుంచే కరగడం మొదలవుతుంది, నీళ్ళు అయిపోయి మంట మాత్రం మండుతుంటే ఆ జాయింటు నిలవదు. సిల్వర్ బ్రేజింగ్ 600 దాటాకే కరుగుతుంది, బాయిలర్‌కి అదే వాడాలి, ఇందులో రాజీ లేదు.

కానీ ప్రెషర్ టెస్ట్ చేశావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. అప్పటికే మూడుసార్లు ఆవిరి పెట్టాడు, అదీ పక్కన వాళ్ళ అక్క కొడుకు కూర్చుని చూస్తుండగా. నాకు కోపం వచ్చింది, గట్టిగానే అన్నా. ఇంజన్ ఆగిపోవడం చిన్న సమస్య తమ్ముడూ, ముందు ఇది చూద్దాం అని ఇంజన్ని పక్కన పెట్టేశాం.

బాయిలర్‌ని అంచుదాకా నీళ్ళతో నింపి, ఎక్కడా గాలి బుడగ లేకుండా వంచి కొట్టి బయటికి పంపి, పైపులు టెస్ట్ చేసే చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించా. నడిపే ప్రెషర్ 2 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడంత) కాబట్టి 4 బార్ దాకా. కొత్త బాయిలర్‌కి నడిపే ప్రెషర్‌కి రెట్టింపు, తర్వాత మళ్ళీ మళ్ళీ చేసే టెస్టులకి ఒకటిన్నర రెట్లు, ఇంగ్లాండ్ మోడల్ క్లబ్బుల్లో పాటించే పద్ధతి ఇది, మనకి ఇంట్లో చేసుకునే చిన్న బాయిలర్లకి ఇలాంటి చెకింగ్ ఎవరూ చెయ్యరు కాబట్టి నేను అదే పట్టుకున్నా. మన దేశంలో బాయిలర్ చట్టం 25 లీటర్ల కంటే చిన్నవాటి జోలికి రాదు, ఇది మొత్తం కలిపి లీటరు చిల్లర. అంటే చూసుకోవాల్సింది మనమే. టెస్ట్ గాలితో ఎప్పుడూ చెయ్యకండి. గాలి స్ప్రింగ్ లాగా నొక్కుకుని శక్తి దాచుకుంటుంది, రాగి చీలితే ఆ శక్తంతా ఒక్కసారి బయటికొస్తుంది. నీళ్ళు నొక్కుకోవు, చీలినా ఒక చుక్క కారి ప్రెషర్ పడిపోతుంది అంతే.

20 నిమిషాలు ఉంచితే వాటర్ గేజ్ బుష్ దగ్గర చెమట లాగా తడి కనిపించింది, విప్పి త్రెడ్ శుభ్రం చేసి మళ్ళీ బిగిస్తే ఆగింది. అసలు తప్పు సేఫ్టీ వాల్వ్ దగ్గర దొరికింది. మంట ఫుల్లుగా పెట్టి, స్టీమ్ వాల్వ్ మూసేసి, సేఫ్టీ వాల్వ్ ఒక్కదాని మీద వదిలేస్తే ప్రెషర్ 2 బార్ మీద పదో వంతు దాటకూడదు, అంటే 2.2 దగ్గర నిలబడాలి. ఇది 2 దగ్గర తెరుచుకుంది, బుస్సుమంది, కానీ గేజ్ మాత్రం 2.3, 2.4, 2.6 అలా ఎక్కుతూనే ఉంది, నేను బర్నర్ కట్టేశా. తెరుచుకోవడం వేరు, వచ్చే ఆవిరినంతా బయటికి పంపగలగడం వేరు. లోపల రంధ్రం 3 ఎంఎం, దాని గుండా పోయే కాడ 2.2, మిగిలిన సందు ఎంత ఉంటుంది. రంధ్రం 5 చేసి బంతి మార్చి స్ప్రింగ్ మార్చాక 2.15 దగ్గర నిలబడింది. ఆ రోజుకి రాత్రి అయిపోయింది, తమ్ముడు మా ఇంట్లోనే ఉండిపోయాడు.

పొద్దున్నే ఇంజన్ పట్టుకున్నాం. ముందు గాలి. 0.3 బార్‌కే కదిలింది, మెత్తగా, గడియారం లాగా. ఎగ్జాస్ట్ దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగిలింది, ఈ చల్లదనం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. తర్వాత ఆవిరి. చేత్తో ఫ్లైవీల్ తిప్పుతూ వేడెక్కించాం, మొదట ఎగ్జాస్ట్‌లోంచి నీళ్ళు చిమ్మాయి, అది మామూలే, చల్లటి ఇనుము తగిలి ఆవిరి నీరైపోతుంది. తర్వాత అందుకుంది, 400 ఆర్‌పీఎం దాకా వెళ్ళింది, బానే ఉందే అనుకునేలోపు గొంతు మారింది, నెమ్మదించింది, 2 నిమిషాల 40 సెకన్లకి ఆగింది. గేజ్ చూస్తే ఇంకా 2 బార్. అంటే బాయిలర్ తప్పు లేదు, ఆవిరి ఉంది, ఇంజన్ తీసుకోవట్లేదు.

సిలిండర్‌లో నీరు చేరి ఆగిందా అని ముందు అనుమానించా. నీరు నొక్కుకోదు కాబట్టి పిస్టన్ చివరికి వెళ్ళే చోట టక్కున కొట్టి ఆగుతుంది, డ్రెయిన్ తెరిస్తే విడిచిపెడుతుంది. తెరిచాం, రెండు చుక్కలు తప్ప ఏం రాలేదు, బిగుతు పోలేదు. పిస్టన్ రాడ్ గ్లాండ్ (రాడ్ బయటికొచ్చే చోట ఆవిరి కారకుండా బిగించేది) వదులు చేసి చూశాం, మార్పు లేదు.

తర్వాత నూనె. బైకులో వేసే ఇంజన్ ఆయిల్ వేశాడు, అది వేడి ఆవిరి తడికి కొట్టుకుపోతుంది. స్టీమ్ సిలిండర్‌కి చిక్కటి వేరే నూనె ఉంటుంది, జిగురుగా గోడకి అంటుకుని ఉంటుంది. నా దగ్గరున్న చిన్న లూబ్రికేటర్ ఆవిరి పైపుకి కలిపా, ఇందులో ఆవిరి చల్లబడి నీరై అడుక్కి దిగుతుంది, పైనున్న నూనెని అదే కొంచెం కొంచెం పైకి నెట్టి ఆవిరిలో కలుపుతుంది, కదిలే భాగమే లేదు, ఎంత చక్కటి ఆలోచనో. అది పెట్టాక 3 నిమిషాల 30 సెకన్లు తిరిగింది.

ఈ 50 సెకన్లే నన్ను తప్పుదారి పట్టించాయి. దారి దొరికింది, ఇక వాల్వ్ దగ్గరుంది మిగతాది అనుకుని స్టీమ్ చెస్ట్ (స్లైడ్ వాల్వ్ ఉండే డబ్బా) మూత విప్పి టైమింగ్ పట్టుకున్నా. వాల్వ్‌ని జరిపే ఎక్సెంట్రిక్, క్రాంక్ కంటే 90 డిగ్రీలు, దాని పైన ఇంకొంచెం ముందుండాలి, పోర్టులు రెండు చివర్లా సమానంగా తెరుచుకోవాలి. ఒక పక్క 0.3 ఎక్కువ తెరుచుకుంటోంది, సరిచేశా. వాల్వ్ తన కుర్చీ మీద స్వేచ్ఛగా తేలాలి, రాడ్‌కి గట్టిగా బిగిసి ఉండకూడదు, అదీ సరిచేశా. గాలికి ఇంకా అందంగా తిరిగింది. ఆవిరికి అదే 3 నిమిషాల 30. సాయంత్రం 4 అయింది. గాలికి సరిగ్గా పనిచేసే టైమింగ్ ఆవిరికి మూడు నిమిషాల తర్వాత పాడవడానికి కారణం లేదని నేను పొద్దున్నే ఆలోచించి ఉండాల్సింది.

అప్పుడు తమ్ముడే ఒక మాట అన్నాడు. "అన్నా, ఆగిన వెంటనే తిప్పితే గట్టిగా ఉంటోంది, నేను టీ తాగొచ్చి తిప్పితే వదులైపోయి ఉంటోంది." కేసు మొత్తంలో అసలైన ఆధారం ఇదే, ఫోన్లోనే అడగాల్సిన ప్రశ్న. మళ్ళీ నడిపి, ఆగనిచ్చి, గడియారం పెట్టుకుని చూశాం. ఆగిన వెంటనే చుట్టూ ఒకేలా గట్టి, ఒక చోట కాదు. 10 నిమిషాలకి సగం, 20 నిమిషాలకి పూర్తిగా వదులు. నీరు కాదు, నూనె కాదు, వేడి. ఇంకోసారి వేడిగా ఉన్నప్పుడే కనెక్టింగ్ రాడ్ పిన్ను తీసేస్తే క్రాంకు, ఫ్లైవీలు హాయిగా తిరిగాయి, పిస్టన్ రాడ్ మాత్రం చేత్తో లాగినా రాలేదు.

పిస్టన్ దేంతో చేశావు అని అడిగా. "అల్యూమినియం అన్నా, షాపులో రాడ్ ముక్క ఉంది, తేలికగా ఉంటుంది కదా అని." సిలిండర్ కాస్ట్ ఐరన్. కొలిచాం: బోర్ 19.02, పిస్టన్ 19.00. 20 మైక్రాన్ల సందు, మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు. చాలా అందమైన ఫిట్, చల్లగా ఉన్నంతసేపు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక మీటరు అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కితే 23 మైక్రాన్లు పెరుగుతుంది, కాస్ట్ ఐరన్ 10.5 దాకా. 2 బార్ ప్రెషర్ దగ్గర ఆవిరి వేడి 133 డిగ్రీలు, గది 30, అంటే 103 డిగ్రీల పెరుగుదల. 19 ఎంఎం పిస్టన్ 45 మైక్రాన్లు లావవుతుంది, సిలిండర్ బోర్ 20 మైక్రాన్లు పెద్దదవుతుంది. చాలామంది లోహం లోపలికి కూడా పెరిగి రంధ్రం చిన్నదవుతుంది అనుకుంటారు, కాదు, రంధ్రం కూడా పెద్దదే అవుతుంది, బండి చక్రానికి ఇనప కమ్మీ ఎర్రగా కాల్చి ఎక్కించేది అందుకే. అయితే తేడా 25 మైక్రాన్లు, మనకున్న సందు 20. ఇంకో సంగతి, పిస్టన్‌కి చుట్టూ ఆవిరే, సిలిండర్‌కి బయటి పక్క చల్లగాలి, కాబట్టి మొదటి నిమిషాల్లో పిస్టన్ ముందు వేడెక్కుతుంది, సిలిండర్ 20 డిగ్రీలు వెనకపడినా ఇంకో 4 మైక్రాన్లు పోతాయి.

గాలి ఎందుకు మోసం చేసిందో ఇప్పుడు తెలుస్తుంది. సిలిండర్‌లో వ్యాకోచించే గాలి చల్లబడుతుంది, ఎగ్జాస్ట్ చల్లగా తగిలింది అందుకే. చల్లబడితే అల్యూమినియం ఎక్కువ కుంచించుకుంటుంది, సందు ఇంకా పెరుగుతుంది. గాలితో ఎంతసేపు నడిపితే ఆ ఇంజన్ అంత బాగుంటుంది.

లెక్క సరిపోయినా నాకు కళ్ళతో చూడాలనిపించింది. పిస్టన్నీ సిలిండర్నీ విప్పి, తడి పూర్తిగా ఆరనిచ్చి, మళ్ళీ వంటకి వాడని పాత మూకుడులో పల్లీ నూనె పోసి రెండూ కలిపి ముంచి, థర్మామీటర్ పెట్టి సన్న మంట మీద వేడి చేశాం. తడి ఉంటే నూనె చిమ్ముతుంది, ఇది మాత్రం జాగ్రత్త. 30 డిగ్రీల దగ్గర పిస్టన్ తన బరువుకే దిగుతోంది. 100 దగ్గర పటకారుతో నొక్కితే బరువుగా జరిగింది. 133 దగ్గర కదల్లేదు. తమ్ముడు ఆ మూకుడు వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు, 8 నెలల్లో ఆ ఫిట్ కోసమే అతను మూడు పిస్టన్లు పారేశాడట, ఇంకా దగ్గరగా రావాలి ఇంకా దగ్గరగా రావాలి అని.

మందు ఏంటి అంటే రెండు దారులు. అదే అల్యూమినియం పిస్టన్‌ని 60 మైక్రాన్ల సందు వచ్చేలా తగ్గించి, మధ్యలో గాడి తీసి ఆవిరి దాటకుండా ఆపే ప్యాకింగ్ పెట్టడం ఒకటి. పిస్టన్ లోహమే మార్చడం రెండోది. మేం రెండోది చేశాం, సిలిండర్ కోసిన దిమ్మలో మిగిలిన ముక్క అతని సంచిలోనే ఉంది, దాంతోనే పిస్టన్ తిప్పాం. రెండూ ఒకే లోహం కాబట్టి కలిసి పెరుగుతాయి, సందు దాదాపు అలాగే ఉంటుంది, పైగా కాస్ట్ ఐరన్ మీద కాస్ట్ ఐరన్ లోపలున్న గ్రాఫైట్ వల్ల బాగా నడుస్తుంది. సందు 40 మైక్రాన్లు పెట్టాం, మధ్యలో 3 ఎంఎం గాడి, అందులో గ్రాఫైట్ దారం చుట్టాం. పిస్టన్ గోడకి రాసుకుంటూ ఆవిరిని ఆపాల్సిన పని లేదు, ఆ పని ప్యాకింగ్‌ది. ఈ ఒక్క విషయం అర్థం కావడానికి నాకూ మొదట్లో చాలా కాలం పట్టింది. లోహం మార్చినందుకు కట్టాల్సిన మూల్యం తుప్పు: నడిపాక వేడి మీదే డ్రెయిన్లు తెరిచి, నీరు ఆరిపోనిచ్చి, నూనె వేసి నాలుగు చుట్లు తిప్పి పెట్టాలి, ఒక్క రాత్రి మర్చిపోయినా గోడ ఎర్రబడుతుంది.

మంగళవారం రాత్రి మళ్ళీ ఆవిరి పెట్టాం. 3 నిమిషాలు దాటింది, 5 దాటింది, తమ్ముడు గడియారం చూడటం మానేశాడు. 22 నిమిషాలు, 400 ఆర్‌పీఎం దగ్గర, నీళ్ళు గేజ్ కింది గుర్తుకి వచ్చేదాకా, మేమే ఆపాం. వీధిలో పిల్లలు గేటు దగ్గర చేరారు.

అయితే నీళ్ళు కొలిస్తే 310 సీసీ ఖర్చయింది. లెక్క ప్రకారం చుట్టుకి 10.8 సీసీ ఆవిరి, 400 చుట్లకి 4.3 లీటర్లు, 2 బార్ దగ్గర గ్రాము నీరు 606 సీసీ ఆవిరవుతుంది కాబట్టి నిమిషానికి 7 గ్రాములు చాలు, 22 నిమిషాలకి 156. దానికి రెట్టింపు తాగింది. మిగతాదంతా సిలిండర్ గోడకి తగిలి నీరైపోయిన ఆవిరే. చిన్న ఇంజన్ల రోగం ఇది, లోపలున్న ఆవిరి తక్కువ, దాన్ని తాకే గోడ ఎక్కువ. 1763 ప్రాంతంలో గ్లాస్గో యూనివర్సిటీ వాళ్ళ న్యూకామెన్ ఇంజన్ (వాట్ కంటే ముందు గనుల్లో నీళ్ళు తోడిన ఆవిరి ఇంజన్) మోడల్ రిపేరుకి జేమ్స్ వాట్ చేతికి వచ్చినప్పుడు ఆయన్ని ఆపేసింది సరిగ్గా ఇదే, బాయిలర్ చాలినంత ఉన్నా బొమ్మ ఇంజన్ నాలుగు స్ట్రోకులకే ఆవిరి అయిపోయి ఆగేది. సిలిండర్‌ని లోపలికొచ్చే ఆవిరి అంత వేడిగానే ఉంచాలి అనే ఆలోచన అక్కణ్ణుంచి పుట్టింది, దాంతోనే కండెన్సర్ (ఆవిరిని చల్లబరిచి నీరు చేసే గది) విడిగా పెట్టడం వచ్చింది, 1769లో పేటెంట్. పెద్ద ఇంజన్లన్నీ మార్చిన ఆలోచన ఒక మోడల్ రిపేరు దగ్గర పుట్టిందని తలుచుకున్నప్పుడల్లా నాకు ఈ బల్ల దగ్గర కూర్చోవడం మీద గౌరవం పెరుగుతుంది.

మేం చేసింది చిన్న పని. ఆవిరి పైపుకి నూలు దారం దగ్గరగా చుట్టాం, పైపు పొడవు సగానికి తగ్గించాం, సిలిండర్ చుట్టూ సన్నటి టేకు పలకలు పెట్టి రెండు ఇత్తడి పట్టీలతో బిగించాం. పలకల కింద కాస్త కాగితం ఉండ కూడా వేశాం, గాలి నిలవడానికి. మళ్ళీ 22 నిమిషాలకి 250 సీసీ.

బుధవారం పొద్దున వెళ్ళిపోయాడు. నీళ్ళ గురించి ఒకటి చెప్పి పంపా, మన దగ్గర బోరు నీళ్ళు పోస్తే లోపల తెల్లగా సున్నం కడుతుంది, వడకట్టిన వాన నీళ్ళు పట్టి ఉంచుకో అని. ఇప్పటికి 6 గంటలు నడిచిందట, ఆగలేదు. 300 ఆర్‌పీఎం దగ్గర పైన సన్నగా ఒక టిక్ చప్పుడు మొదలైందని నిన్న వీడియో పంపాడు, పిస్టన్ రాడ్, కనెక్టింగ్ రాడ్ కలిసే క్రాస్‌హెడ్ పిన్ను దగ్గర ఆట ఉన్నట్టుంది. 10 గంటలయ్యాక విప్పి బోర్ మళ్ళీ కొలవమన్నా, గ్రాఫైట్ దారం ఎంత అరిగిందో కూడా. ఈసారి వేడిగా ఉన్నప్పుడే ముందు చేత్తో తిప్పి చూసి, ఆ తర్వాత విప్పమన్నా.